గర్భవతులైన ఉద్యోగినుల సెలవులు – పని పరిస్థితుల ప్రభావం

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల పాలకవర్గ సభ్యులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



సహకార ఇన్‌స్పెక్టరు లేచి నిలబడితే లెక్కల పుస్తకాలు, బకాయిలు, ఆడిట్ అభ్యంతరాలు తప్ప వేరే మాట రాదని మీరందరూ అనుకుంటారు. నేడు కూడ నేను ఒక రిజిస్టరు గూర్చే మాట్లాడుతాను. అది హాజరు పట్టీ. నగదు పుస్తకాన్ని, స్టాకు రిజిస్టరును చూసినంత శ్రద్ధగా మనలో ఎవ్వరమూ హాజరు పట్టీని చూడము. అందులో “సె” అని ఒక అక్షరం ఉంటుంది. సెలవు అని అర్థం. ఆ అక్షరం ఎందుకు వచ్చినదో అది చెప్పదు.

ఈనాడు మన సంఘాలలో టెస్టర్లుగా, కార్యదర్శులుగా, శీతలీకరణ కేంద్రాలలో సహాయకులుగా స్త్రీలు పనిచేస్తున్నారు. స్త్రీలే సభ్యులుగా, స్త్రీలే పాలకవర్గంగా నడుస్తున్న సంఘాలు కూడ ఉన్నవి. 1986–87లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ‘స్టెప్’ పథకం క్రింద మహిళా పాల సంఘాలు ఏర్పడిన సంగతి పెద్దవారికి జ్ఞాపకం ఉండును. ఇది సంతోషించవలసిన విషయం. అయితే స్త్రీలను పనిలోనికి తీసుకొన్నంత తొందరగా, పనిని వారికి అనుకూలంగా మార్చుకోలేదు. ఈ లోపం అన్నిటికంటె స్పష్టంగా బయటపడేది ఆమె గర్భవతిగా ఉన్న కాలంలోనే.

సెలవుకు కారణం ఎక్కడ ఉన్నది?

“ఆమె నెల తప్పింది, ఇక పనికి సరిగా రాదు” అనే మాట పాలకవర్గ సమావేశాలలో వింటూ ఉంటాము. ఈ మాటలో ఒక పొరపాటు అభిప్రాయం ఇమిడి ఉన్నది. సెలవుకు కారణం పూర్తిగా ఆమె శరీరంలోనే ఉన్నదని, సంఘం చేయగలిగినది ఏమీ లేదని ఆ మాటకు అర్థం.

గర్భం జబ్బు కాదు. ఆరోగ్యంగా ఉన్న స్త్రీ నెలలు నిండే వరకు తగిన పని చేసుకొనవచ్చును. అయితే గర్భంతో పాటు కొన్ని బాధలు వస్తవి. మొదటి నెలలలో వేవిళ్ళు, విపరీతమైన అలసట. తరువాత నడుము నొప్పి, కటి ఎముకల దగ్గర నొప్పి, కాళ్ళ వాపు, నిద్ర పట్టకపోవడం. ప్రసవానికి సిద్ధం కావడానికి కీళ్ళను పట్టి ఉంచే నరాలవంటి కట్లు వదులవుతవి. అందుచేత ఇదివరకు సులభంగా ఎత్తిన బరువు ఇప్పుడు నడుమును పట్టివేస్తుంది. దీనికి రక్తహీనత తోడైతే చెప్పనక్కరలేదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భవతులలో 52 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అంటే ఇద్దరిలో ఒకరు.

ఈ బాధ ఎంత ఉంటే సెలవు పెట్టవలసి వస్తుందనేది ఆమె చేసే పనిని బట్టి ఉంటుంది. నడుము నొప్పి ఉన్న ఇద్దరు స్త్రీలను తీసుకొనండి. ఒకామె కుర్చీలో కూర్చుని లెక్కలు వ్రాస్తుంది. మధ్యలో లేచి నాలుగు అడుగులు వేయగలదు. రెండవ ఆమె మూడు గంటలు తడి నేలమీద నిలబడి క్యాన్లు కదుపుతుంది. నొప్పి ఒకటే. మొదటి ఆమె పనికి వస్తుంది, రెండవ ఆమె సెలవు పెడుతుంది. హాజరు పట్టీలో తేడా తెచ్చినది పని.

పాల కేంద్రంలో పని తీరు

మన సేకరణ కేంద్రంలో పని ఎట్లా ఉంటుందో మీకు తెలిసినదే. అయినా గర్భవతి వైపు నుండి ఒకసారి చూడండి.

మొదటిది బరువు. 40 లీటర్ల క్యానులో పాలే 41 కిలోలు తూగుతవి. క్యాను బరువు కలిపితే 45 కిలోలు దాటుతుంది. పూటకు 200 లీటర్లు వచ్చే చిన్న కేంద్రమైనా పూటకు 5 క్యాన్లు, రోజుకు 10 క్యాన్లు అవుతవి. ఒక్కొక్క క్యాను కాటా దగ్గర ఒకసారి, పాల వ్యాను దగ్గర ఒకసారి కదిపితే రోజుకు 20 సార్లు. ఇద్దరు కలిసి ఎత్తినా అందులో సగం బరువు ఆమెదే.

రెండవది నిలబడడం. సభ్యులు వరుసగా వస్తూ ఉంటారు. నమూనా తీయాలి, పరీక్ష చేయాలి, చీటీ వ్రాయాలి. వరుస ఆగితే సభ్యులు కేకలు వేస్తారు. ఆమెకు కూర్చునే వీలు లేదు, మూత్రానికి వెళ్ళే వీలు కూడ లేదు. చాల కేంద్రాలలో మరుగుదొడ్డే లేదు. గర్భవతికి మాటిమాటికి మూత్రానికి పోవలసి వస్తుంది. పోకుండా ఆపుకొన్నా, పోవలసి వస్తుందని మంచినీళ్ళు త్రాగడం మానివేసినా మూత్రనాళపు జబ్బులకు దారి తీస్తుంది. అప్పుడు వచ్చే జ్వరానికి పెట్టే సెలవును ఆమె ఖాతాలో వ్రాస్తాము. మరుగుదొడ్డి కట్టని ఖాతాలో వ్రాయము.

మూడవది వేళలు. ఉదయం చీకటితో లేచి రావాలి, సాయంత్రం మరల రావాలి. మధ్యాహ్నం ఇంటికి పోతుందని విశ్రాంతి అనుకుంటాము. ఇంటి దగ్గర ఆమెకోసం వంట, బట్టలు, పశువులు ఎదురు చూస్తూ ఉంటవి. వేవిళ్ళు చాలమందికి ప్రొద్దున ఎక్కువగా ఉంటవి. మన పని కూడ ప్రొద్దుననే ఎక్కువ.

నాలుగవది రసాయనాలు, వాసనలు. అనేక సంఘాలలో ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చినవి. గెర్బర్ పద్ధతిలో వెన్న శాతం చూసే చోట్ల మాత్రం గాఢ గంధకామ్లం, అమైల్ ఆల్కహాల్ ఇప్పటికీ వాడవలసినదే. గాలి ఆడని చిన్న గదిలో ఆ ఆవిరి, పులిసిన పాల వాసన, క్యాన్లు కడిగే సోడా వాసన కలిస్తే ఆరోగ్యవంతుడికే తల తిరుగుతుంది.

ఐదవది మన మాట తీరు. “పైసలు తీసుకోవడంలేదా, చేయలేకపోతే మానేయి” అని ఒక్కసారి విన్న మనిషి మరల నోరు తెరచి సహాయం అడగదు. అడగలేనిచోట సెలవు పెడుతుంది. సెలవు కూడ దొరకనిచోట ఉద్యోగం మానివేస్తుంది.

నార్వే దేశపు అనుభవం

ఈ విషయాన్ని నార్వే, డెన్మార్క్ వంటి దేశాలలో శ్రద్ధగా పరిశీలించినారు. నార్వేలో ఓస్లో నగరం దగ్గరి ఒక పెద్ద ఆసుపత్రిలో ప్రసవించిన రెండు వేలకు పైగా స్త్రీలను విచారించి, ఆ ఫలితాలను 2013లో ప్రకటించినారు. వారిలో 75 శాతం మంది గర్భవతిగా ఉన్నప్పుడు ఎప్పుడో ఒకప్పుడు అనారోగ్య సెలవు తీసుకొన్నవారే. 32వ వారం వచ్చేసరికి 63 శాతం మంది సెలవులో ఉన్నారు. వారు చెప్పిన ముఖ్య కారణాలు అలసట, నిద్రలేమి, కటి నొప్పి, వేవిళ్ళు. మన ఆడవారు చెప్పేవి కూడ ఇవే.

ఆ విచారణలోనే ఇంకొక సంగతి తేలినది. పనిచోట తమకు అనుకూలంగా పనిని సవరించి ఇచ్చిన స్త్రీలు, అట్టి సవరణ లేనివారికంటె సుమారు 7 రోజులు తక్కువ సెలవు తీసుకొన్నారు. 7 రోజులే గదా అని కొందరు అనవచ్చు. మన లెక్కలో 7 రోజులంటే 14 పూటల పాల సేకరణ. 14 పూటలు టెస్టరు లేకుండా కేంద్రం నడిపి చూడండి, ఆ సంఖ్య విలువ తెలుస్తుంది.

ఆ లెక్కలను మనకు యథాతథంగా అన్వయించకూడదు. నార్వేలో ఉద్యోగి జబ్బు పడితే పూర్తి వేతనంతో సెలవు దొరుకుతుంది. ఆమె నిర్భయంగా సెలవు పెడుతుంది. మన సంఘాలలో సెలవు పెడితే చాలచోట్ల ఆ రోజు జీతం పోతుంది, ఆ స్థానంలో వేరొకరు వస్తారనే భయం ఉంటుంది. కావున మన హాజరు పట్టీలో సెలవులు తక్కువగా కనిపించినంత మాత్రాన మన ఉద్యోగినులు సుఖంగా ఉన్నారని అర్థం కాదు. నొప్పిని ఓర్చుకొని వచ్చిన రోజు కూడ పట్టీలో హాజరుగానే పడుతుంది. ఏడవ నెల దాకా ఒక్క సెలవూ లేదు, ఎనిమిదవ నెలలో “స్వంత కారణముల వలన మానుకొన్నది” అని తీర్మానం వ్రాసి ఉంటుంది. అటువంటి తీర్మానం కనిపించినచోట ఆగి, ఆ ముందు నెలలలో ఆమె చేత ఏ పని చేయించినారో అడుగవలెనని నా అభిప్రాయం.

చట్టం ఏమంటున్నది?

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం, 2017లో దానికి జరిగిన సవరణ మీలో కొందరికి తెలిసినవే. ఇందులోని ముఖ్యాంశాలను 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో కూడ చేర్చినారు. క్లుప్తంగా చెబుతాను.

మొదటి ఇద్దరు బిడ్డల వరకు 26 వారాల వేతనంతో కూడిన సెలవు ఉన్నది. ఇందులో 8 వారాల వరకు ప్రసవానికి ముందు వాడుకొనవచ్చును. ఇద్దరు బిడ్డలు ఉన్నవారికి 12 వారాలు. ప్రసవానికి ముందటి 12 నెలలలో 80 రోజులు పని చేసి ఉంటే ఈ హక్కు వస్తుంది. గర్భస్రావం జరిగితే 6 వారాలు. గర్భం వలన గాని, ప్రసవం వలన గాని జబ్బు చేస్తే, తగిన ధ్రువపత్రంపై అదనంగా ఒక నెల వరకు వేతనంతో సెలవు ఉన్నది. ఈ చివరి అంశం చాలమందికి తెలియదు.

ఇంకొక అంశం కూడ తెలియదు. ప్రసవానికి సుమారు 10 వారాల ముందునుండి, ఆమె కోరినచో, శ్రమతో కూడిన పనిగాని ఎక్కువ సేపు నిలబడి చేసే పనిగాని చేయించరాదు. ప్రసూతి సెలవులో ఉన్న స్త్రీని ఉద్యోగం నుండి తీసివేయడం చట్టవిరుద్ధం.

ఈ చట్టం కర్మాగారాలకు, 10 మంది లేక అంతకంటె ఎక్కువమంది పనిచేసే సంస్థలకు వర్తిస్తుంది. డైరీలు, పెద్ద శీతలీకరణ కేంద్రాలు దీని క్రిందికి వస్తవి. ఇద్దరు ముగ్గురు ఉద్యోగులున్న గ్రామ సంఘానికి ఈ చట్టం చేయి అందకపోవచ్చును. చట్టం అందనిచోట చేయవద్దని చట్టం చెప్పలేదు. సంఘానికి ఉపనిబంధనలు, సేవానిబంధనలు, తీర్మానాల పుస్తకం ఉన్నవి. చేయదలచుకుంటే అవి చాలు.

చట్టంలో ఇంకొక వెలితి కూడ గమనించండి. అది ముఖ్యంగా చివరి నెలలను చూస్తుంది. వేవిళ్ళు, అలసట ఎక్కువగా ఉండేది మొదటి మూడు నెలలలో. మన ఇళ్ళలో మూడవ నెల దాటే వరకు ఆ సంగతి బయటకు చెప్పరు. అందుచేత “మాకు చెబితే ఏర్పాటు చేసేవాళ్ళం గదా” అనే మాట సరిపోదు. ఎవరూ అడగనక్కర లేకుండా, ఎవరికీ చెప్పుకొనక్కర లేకుండా ఉండే ఏర్పాటే మంచి ఏర్పాటు.

చిన్న సంఘాలు ఏమి చేయవచ్చును?

“డబ్బు ఎక్కడిది?” అని కార్యదర్శులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కావున ఖర్చు తక్కువైన వాటినే ముందు చెబుతాను.

1. టెస్టరు బల్ల దగ్గర ఎత్తయిన స్టూలు ఒకటి ఎల్లప్పుడూ ఉండవలెను. అది గర్భవతి కోసమని పేరు పెట్టవద్దు. ఎవరు టెస్టరైనా దానిమీద కూర్చుని పని చేయవచ్చును.

2. క్యాన్లు ఎత్తే పని గర్భవతి చేత మొదటి నెలనుండే చేయించవద్దు. వ్యాను కూలీలో గాని, సభ్యులలో గాని ఒకరికి ఆ పని అప్పగించవచ్చును. క్యానును సగమే నింపడం, చక్రాల బండి వాడడం కూడ ఉపాయాలే.

3. ప్రతి సంఘంలో రెండవ మనిషికి పరీక్ష చేయడం, చీటీ వ్రాయడం నేర్పి ఉంచవలెను. ఇది అన్నిటికంటె ముఖ్యం. ఒక్క మనిషిపై ఆధారపడిన సంఘంలో ఆ మనిషి ఒక గంట ఆలస్యమైనా పాలు విరిగిపోతవి. అందుచేతనే ఆమెకు గంట వెసులుబాటు ఇవ్వలేక పూర్తిగా పంపివేస్తున్నాము. రెండవ మనిషి ఉంటే ప్రొద్దుటి పూట ఒకరు, సాయంత్రం పూట ఒకరు మార్చుకొనవచ్చును.

4. గెర్బర్ పరీక్షను గాలి ఆడే చోట, చేతి తొడుగులతో చేయవలెను. ఆమ్లం కొలిచే పని గర్భవతికి ఇవ్వవద్దు.

5. నేల కడిగిన వెంటనే నీళ్ళు లాగివేయవలెను. చివరి నెలలలో ఒడలు ముందుకు బరువై తూకం తప్పుతుంది. జారిపడితే ఇద్దరి ప్రాణాలకు ప్రమాదం.

6. మరుగుదొడ్డికి ఖర్చు అవుతుంది, నిజమే. సంఘం లాభంలో నుండి ఆ పనికి కొంత కేటాయించవలెనని సర్వసభ్య సమావేశంలో ప్రతిపాదించండి. పాలు పోసే ఆడవారందరూ చేయి ఎత్తుతారు.

7. నెలనెలా పరీక్షకు వెళ్ళే రోజును సెలవుగా వ్రాయవద్దు, డ్యూటీగా వ్రాయండి. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భవతులకు ఉచిత పరీక్షలు చేసే కార్యక్రమం 2016 నుండి ఉన్నది.

ఇవన్నీ ఉన్నా సెలవు కావలసిన సందర్భాలు ఉంటవి. రక్తం కనపడినా, తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకలు, ముఖము చేతులు వాయడం వంటివి వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా, నీళ్ళు కూడ నిలువకుండా వాంతులు అవుతున్నా అది పని సవరించి తీర్చే సమస్య కాదు. వెంటనే డాక్టరు వద్దకు పంపవలెను. పని సవరించేది అవసరం లేని సెలవు తగ్గడానికి. అవసరమైన సెలవును అడ్డుకొనడానికి కాదు. ఈ రెండింటికీ తేడా తెలియని పాలకవర్గం నేను చెప్పినదాన్ని తలక్రిందులుగా వాడుతుంది. ఆ జాగ్రత్త అవసరం.

జీతం లేని ఉద్యోగం

ఇప్పటివరకు జీతం తీసుకొనే వారి గూర్చి చెప్పినాను. ఈ సభలో అంతకంటె ఎక్కువమంది వేరొక ఉద్యోగంలో ఉన్నారు. వారికి జీతం లేదు, హాజరు పట్టీ లేదు, సెలవూ లేదు. ఇంటి దొడ్డిలో పేడ ఎత్తే, గడ్డి కోసే, పాలు పితికే మన అక్కచెల్లెళ్ళే వారు. పాలు పోసే పుస్తకంలో పేరు భర్తదైనా, పని చాల ఇళ్ళలో ఆమెదే.

ఆమెకు కూడ గడ్డి మోపు బరువే, బక్కెట బరువే. అదనంగా ఒక ప్రమాదం ఉన్నది. పశువులలో ఈసుకుపోయే జబ్బు, అంటే బ్రూసెల్లోసిస్, మనుషులకు కూడ అంటుకుంటుంది. ఈసుకుపోయిన దూడను, మాయను ఉత్త చేతులతో తీసినా, పచ్చిపాలు త్రాగినా రావచ్చును. గర్భవతికి సోకితే గర్భస్రావం కూడ జరగవచ్చును. కావున ఈత సమయంలో పశువు దగ్గరకు గర్భవతిని పంపవద్దు. మాయను, ఈసుకుపోయిన పిండాన్ని చేతి తొడుగులతో తీసి, సున్నం వేసి లోతుగా పూడ్చండి. పాలు కాచే త్రాగండి. 4 నుండి 8 నెలల వయస్సు గల పెయ్యదూడలకు ఈ జబ్బు టీకా వేయించండి. 2019లో ప్రారంభమైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో ఈ టీకా ఉన్నది.

స్త్రీని పశువుతో పోల్చడం నా ఉద్దేశం కాదు. కాని మనకు బాగా తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. చూడి గేదెను ఈనడానికి రెండు నెలల ముందే వట్టిపోయిస్తాము. ఆ రెండు నెలలు పాల రాబడి ఉండదని తెలిసీ, దాణా పెంచి పెడతాము. అట్లా చేయకపోతే వచ్చే ఈతలో పాలు తగ్గుతవని, దూడ బలహీనంగా పుడుతుందని మన అనుభవం. ఇంత లెక్క తెలిసిన మనకు ఇంటి ఆడమనిషి విషయంలో ఆ లెక్క ఎందుకు గుర్తుకు రాదు? ఇంటిలోని మగవారు, అత్తలు, ఆడపడుచులు ఆ చివరి నెలలలో గడ్డి మోపు, పేడ తట్ట తమ నెత్తిన పెట్టుకొంటే అదే ఆమెకు సెలవు. ఆ సెలవు మంజూరు చేయడానికి ఏ తీర్మానమూ అక్కరలేదు.

కేంద్ర ప్రభుత్వపు మాతృ వందన యోజన క్రింద అర్హులైన వారికి మొదటి కాన్పుకు 5,000 రూపాయలు, రెండవ కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 రూపాయలు ఇస్తారు. పని మానుకొని విశ్రాంతి తీసుకొన్నందువలన పోయే కూలికి కొంతైనా బదులుగా ఉండవలెనని ఈ పథకం ఉద్దేశం. పేరు నమోదుకు అంగన్‌వాడీ కార్యకర్తను గాని, ఆశా కార్యకర్తను గాని కలుసుకొనండి.

తీర్మానం నమూనా

చివరగా, రాబోయే పాలకవర్గ సమావేశంలో పెట్టడానికి వీలుగా ఒక చిన్న తీర్మానం చదువుతాను. ఇష్టమున్నవారు వ్రాసుకొనండి.

“మన సంఘంలో పనిచేయు ఉద్యోగిని గర్భవతిగా ఉన్న కాలమందు ఆమెకు బరువులు ఎత్తు పని, ఎక్కువ సేపు నిలబడు పని, ఆమ్లము వాడు పని అప్పగించరాదని, వైద్య పరీక్షకు వెళ్ళు దినము డ్యూటీగా పరిగణించవలెనని, ఆమె సెలవులో ఉన్న కాలమందు తాత్కాలికముగా మాత్రమే వేరొకరిని నియమించి, తిరిగి వచ్చిన పిమ్మట ఆమె స్థానము ఆమెకే ఇవ్వవలెనని, ఇందుకై రెండవ వ్యక్తికి పరీక్షా విధానములో శిక్షణ ఇప్పించవలెనని తీర్మానించడమైనది.”

నాలుగు అంశాల తీర్మానం ఇది. రెండవ మనిషికి శిక్షణ, ఒక స్టూలు తప్ప దీనికి పెద్ద ఖర్చు లేదు. పాలు పోసే ప్రతి ఇంటి తల్లి, కోడలు, కూతురు పడే శ్రమపై మన సంఘాలు నిలబడి ఉన్నవి. ఆ శ్రమ చేసే శరీరానికి కష్టకాలంలో కొంత వెసులుబాటు ఇవ్వడం ఉపకారం కాదు. అది సహకారం అనే మాటకు అర్థం.